తాళం వేశాక

మా పక్క ఫ్లాటు వాళ్ళు ఊరికి బయల్దేరిన ప్రతిసారీ లిఫ్టు ఒకసారి కిందికి వెళ్ళి, వెంటనే మళ్ళీ పైకి వస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. తాళం కప్పను పట్టుకుని గట్టిగా లాగిన శబ్దం. ఒక్క క్షణం ఆగి మళ్ళీ ఇంకోసారి. కింద నుంచి వాళ్ళావిడ గొంతు, “ఏమండీ, ఆటో అబ్బాయి తొందర పెడుతున్నాడు” అని. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. స్ట్రాంగ్ రూము తాళాల బాధ్యత ఏళ్ళ తరబడి మోసిన మనిషి. అలాంటాయనకు సొంత ఇంటి తాళం మీద నమ్మకం ఎందుకు చాలదు? వంటగదిలో కూరలు తరుగుతూ ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఇదే ప్రశ్న. తాళం పడిందని ఆయన చేతికి తెలుసు, కంటికీ తెలుసు. తెలియనిది ఇంకేదో ఉంది. దాన్ని పట్టి లాగి చూసే వీలు లేదు కనుక, చేతికి అందిన కప్పను లాగుతున్నారేమో. ఆయన పరీక్షిస్తున్నది తాళాన్నేనా? తిరిగొచ్చేసరికి ఇల్లు ఇలాగే ఉంటుందా, మేమందరం ఇలాగే ఉంటామా అని ఎవరినో అడుగుతున్నారా?

ఆ చప్పుడు నన్ను అంతగా పట్టుకోవడానికి కారణం, ఆ కంగారు నాకూ తెలిసినదే కావడం. ప్రయాణం రేపనగా ఇవాళ సాయంత్రం నుంచే నా ఒంట్లో ఏదో మొదలవుతుంది. మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంటుంది. సర్దిన చీరలు తీసి మళ్ళీ సర్దుతాను. మందుల డబ్బా, చార్జరు, ఆధార్ కార్డు, కళ్ళజోడు... ఒక్కో వస్తువు పేరూ పైకి అనుకుంటూ తడిమి చూస్తాను. రాత్రి ముద్ద దిగదు. నాలుగున్నరకి అలారం పెట్టుకుంటే మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. చీకట్లో ఫ్యాను చప్పుడు వింటూ పడుకుంటే, రైలు తప్పిపోతే, మెట్లు దిగుతూ కాలు మడత పడితే, నేను లేనప్పుడు అమ్మకి ఒంట్లో బాగుండకపోతే అని ఆలోచనలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. స్టేషనుకి గంట ముందు చేరినా గుండె దడ తగ్గదు. తీరా రైలు కదిలి, ఊరి చివరి సిగ్నలు దాటేసరికి ఆ దడంతా ఎటు పోతుందో తెలియదు. ఆకలి వేస్తుంది. కిటికీ పక్కన కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుకుంటాను. మరి అంతసేపూ నేను భయపడింది దేనికి? చేరబోయే చోటంటే భయం లేదు, అక్కడ అందరూ నావాళ్ళే. దారంటే భయమనుకుందామా అంటే, దారిలో పడ్డాక స్థిమితంగానే ఉన్నాను. గుమ్మానికీ సీటుకీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలోనే ఉంది అంతా. ఇల్లు నన్ను వదిలేసింది, బండి ఇంకా నన్ను తీసుకోలేదు. ఆ నడిమి వేళలో నేను ఎవరి లెక్కలోనూ లేను.

ఆ దూరాన్ని దాటించడానికి మా పెద్దవాళ్ళకు కొన్ని పద్ధతులు ఉండేవి. గోదావరి ఒడ్డున మా ఊళ్ళో ఎవరు ప్రయాణమైనా ముందు పెదనాన్న పంచాంగం తీసేవారు. వర్జ్యం, రాహుకాలం, దుర్ముహూర్తం అన్నీ తప్పించాక మిగిలిన మంచి ఘడియకు బస్సు ఉండకపోతే, ప్రస్థానం పెట్టేవారు. అంటే మంచి వేళ చూసి ఒక చేతిసంచిలో జత బట్టలు సర్ది పక్కింట్లో ఉంచి వచ్చేవారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఏ వేళకు బస్సెక్కినా దోషం లేదు, వెళ్తూ వెళ్తూ పక్కింట్లో ఉంచిన సంచి అందుకుని పోవడమే. గ్రహాలు ఆ సంచిని చూసి సంతృప్తి పడతాయని నేను ఇప్పుడు నమ్మలేను. కానీ ఆ ఏర్పాటు చేసినవాళ్ళకు మనిషి మనసు తెలుసు అని మాత్రం నమ్ముతాను. బయల్దేరడం అనే పెద్ద పనిని రెండు ముక్కలు చేశారు. మొదటి ముక్క పక్కింటి దాకా, ఎవరికైనా సాధ్యమే. సంచి వెళ్ళిపోయింది కనుక మనిషీ సగం వెళ్ళిపోయినట్టే. పైగా నేను ఊరికి వెళ్తున్నానన్న సంగతి పక్కింటివాళ్ళకు తెలిసింది. రేపు నా ఇంటి వైపు ఒక కన్ను వేసి ఉంచే మనిషి ఒకరు ఏర్పడ్డారు. ఇంతకన్నా ఏం కావాలి కంగారు పడేవాడికి?

అయితే ఆ పద్ధతులన్నీ అంత మంచివి కావు. మా నానమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఎవరైనా ప్రయాణానికి బయల్దేరుతున్నారంటే, ఎవరూ చెప్పకుండానే, వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. ముత్తయిదువ ఎదురు రావాలి, నీళ్ళ బిందె ఎదురు రావాలి, ఈమె మాత్రం రాకూడదు. పిండివంటలు చేసి, డబ్బాలకు మూతలు బిగించి, సంచులు కుట్టి అన్నీ సిద్ధం చేసిన మనిషి, వాటిని మోసుకెళ్ళేవాళ్ళకు ఎదురుపడకూడదు. నాకు ఊహ తెలిశాక నాన్న ఒకసారి మద్రాసు వెళ్తూ, చెప్పులు వేసుకున్నవాడు విడిచి లోపలికి వెళ్ళాడు. “అమ్మా, నువ్వు ఎదురు రా. నాకు అదే మంచి శకునం” అన్నాడు. ఆవిడ చాలాసేపు రానంది. చివరికి వచ్చి వీధి గుమ్మంలో నిలబడింది. నాన్న వెళ్ళాడు, పని చూసుకుని వచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా నానమ్మే ముందు నిలబడేది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది, భయాన్ని తగ్గించుకోవడానికి మనిషి దగ్గర రెండు దారులు ఉన్నాయని. ఒకటి, దాన్ని తీసుకెళ్ళి బలహీనమైన మనిషి మీద వేయడం. రెండోది, ఆ మనిషినే తోడు పిలవడం. మొదటి దారిలో వెళ్ళేవాడి గుండె తేలికవుతుంది కానీ ఇంట్లో ఒకరి గుండె బరువెక్కుతుంది. అలాంటి నిబ్బరం నాకు వద్దు.

ప్రయాణ భయం మాట వస్తే తెలుగువాళ్ళం ఏనుగుల వీరాస్వామిని తలుచుకోవాలి. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటేనని సామెత పుట్టిన కాలం అది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, కాశీ, గయ, కలకత్తా, పూరీల మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. పల్లకీలు, డేరాలు, దాదాపు వంద మంది పరివారం. దేశానికి ఇంకా రైలు రాలేదు. బోరీబందరు నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడవడానికి అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా వ్యవధి ఉంది. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ను వింతలూ విశేషాల కోసం తెరిచినవాళ్ళకు అడుగడుగునా తగిలేవి నీళ్ళూ అంగళ్ళూ. ఈ మజిలీలో దిగడానికి చోటుందా, బావి ఉందా, కావలసిన వస్తువులు దొరుకుతాయా, తర్వాతి ఊరికి దారి రాళ్ళదా ఇసుకదా, మధ్యలో అడవి ఉందా. పేజీల తరబడి ఇదే. నాకు ఆ పేజీలంటే ఇష్టం. ఒక మనిషి తన భయాన్ని ఎలా పనిలో పెట్టాడో అక్కడ కనిపిస్తుంది. కాశీ ఎంత దూరమన్నది ఆయన ప్రతి రాత్రీ ఆలోచించి ఉండవచ్చు, కానీ రాసుకున్నది రేపటి మజిలీ గురించి. ఆ రాసింది కూడా తన కోసమే కాదు. మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు ఆ వివరాలు పంపుతూ వచ్చారు. వీరాస్వామి 1836లో కన్నుమూశాక, 1838లో ఆ పుస్తకాన్ని అచ్చు వేయించింది ఆ మిత్రుడే. వంద మంది వెంట ఉన్నా, దూరాన ఉన్న ఒక్కరికి ‘ఇవాళ ఇక్కడ దిగాం’ అని చెప్పుకోవాలనిపించింది ఆయనకు. ఎందుకు? వెంట ఉన్నవాళ్ళూ తనలాగే దారిలో ఉన్నారు. కదలకుండా ఒకచోట కూర్చుని తన దారిని చూస్తున్న మనిషి ఒకరు ఉండాలి.

ఇప్పుడు మనకు వీరాస్వామికి దొరకని సమాచారమంతా అరచేతిలో ఉంది. బండి ఎక్కడ ఆగింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం, మన పెట్టె ఇంజనుకు ఎంత దూరం, అన్నీ ఫోను చెబుతుంది. దారి తప్పే భయం దాదాపు పోయింది. అయినా కంగారు తగ్గిందా? రైలెక్కక ముందే మొదలవుతుంది. తత్కాల్ కోసం ఏసీకి ఉదయం పదింటికి, స్లీపరుకు పదకొండింటికి ఫోను పట్టుకుని కూర్చోవడం, వెయిటింగ్ లిస్టు ఎంత కదిలిందో పొద్దుటా సాయంత్రం చూడటం. రైలెక్కాక ఎదుటి బెర్తు కుర్రవాడు రన్నింగ్ స్టేటస్ తెరిచి చూస్తాడు, మూస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. బండి తుని దాటిందని కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, ఫోను కూడా చెప్పాలి. తెలుసుకునేకొద్దీ నెమ్మది కలగాలి కదా, మరి ఎందుకు కలగడం లేదు? నాకు తోచింది ఇది. జాగ్రత్త అనేది ఒక పని. చేస్తే అయిపోతుంది. టికెట్టు చూసుకున్నాం, గ్యాసు కట్టేశాం, తాళం వేశాం, అంతే. కంగారుకు ఆ ముగింపు లేదు. చూసిన మరుక్షణం, సరిగ్గా చూశానా అంటుంది. మళ్ళీ చూస్తే ఒక్క నిమిషం ఊరుకుని, ఇంకోసారి చూడమంటుంది. చూసిన ప్రతిసారీ కాస్త ఊరట దొరుకుతుంది కనుక, ఆ ఊరట కోసమే మళ్ళీ చూడటం అలవాటవుతుంది. మనోవైద్యులు చెప్పేదీ ఇదే, పదే పదే సరిచూసుకోవడం అనుమానాన్ని తీర్చదు, పెంచుతుంది. వీరాస్వామి మజిలీ వివరం ఒకసారి రాసుకుని దీపం ఆర్పుకుని ఉంటారు. మన దీపం రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది.

ఆ దీపం వెలుగులో మేలుకుని కూర్చున్న తల్లిదండ్రులు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందో. పిల్ల శంషాబాద్‌లో విమానం ఎక్కింది. తండ్రి ఫోనులో చిన్న విమానం బొమ్మ అరేబియా సముద్రం మీద పాకుతోంది. తల్లి నిద్ర పట్టక వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎక్కడిదాకా వెళ్ళింది అంటే, ఇంకా సముద్రం మీదే ఉంది అంటాడు ఆయన. విమానం ఏ ఎత్తున ఎగురుతోందో ఆయనకు తెలుసు, దాన్ని ఒక్క అడుగు పైకెత్తే శక్తి మాత్రం ఆయనకు లేదు. అయినా కళ్ళు తిప్పితే ఏమవుతుందోనని చూస్తూనే ఉంటాడు. ఇది ప్రేమా, కంగారా? రెంటినీ విడదీయడం నాకు చేతకాదు. మనవాళ్ళ ప్రేమకు ‘చేరావా?’ అన్న ప్రశ్న తప్ప ఇంకో రూపం తెలియని రోజులు చాలా ఉంటాయి. కానీ ఆ ప్రేమ ఒక్కోసారి వెళ్ళేవాళ్ళ మీద బరువవుతుంది. దారిలో ఉన్న పిల్ల తన భయంతో పాటు ఇంట్లోవాళ్ళ భయాన్నీ మోయాలి. సిగ్నలు లేనిచోట బండి ఆగితే, నేనేమైపోతానో అని కాక, ఫోను రాకపోతే అమ్మ ఏమైపోతుందో అని దడ.

దీనికి తిరగేసిన చిత్రం ఇంకొకటి ఉంది. అమెరికాలో కూతురికి కాన్పు, అల్లుడు టికెట్లు కొన్నాడు. జీవితంలో విమానం ఎక్కని తల్లి ఒంటరిగా వెళ్ళాలి, దోహాలోనో ఫ్రాంక్‌ఫర్టులోనో విమానం మారాలి. భాష రాదు. అప్పుడు తెలుగు కుటుంబాలు చేసే పని చూడండి. తెలిసినవాళ్ళ గుంపులన్నిటిలో మెసేజి పెడతారు, ఫలానా తేదీన ఫలానా విమానంలో డల్లాస్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, మా అమ్మకు తోడు కావాలి అని. నడవగలిగిన ఆవిడకే వీల్‌చెయిర్ సాయం అడుగుతారు, ఆ కుర్చీ నెట్టే మనిషి ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చేరుస్తాడు కదా అని. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇంగ్లీషులో రాసిన కాగితం, ఈమె మా అమ్మ, ఇక్కడికి వస్తోంది, మా నంబరు ఇది. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి విమానంలో పక్కన కూర్చుని, బెల్టు పెట్టి, ఇమిగ్రేషను వరసలో తన వెనక నిలబెట్టుకుంటుంది. ఆ వృద్ధురాలికి విమానం ఎలా ఎగురుతుందో చెబితే ధైర్యం వచ్చేదా? అన్నిటికన్నా భద్రమైన ప్రయాణ సాధనం ఇదేనని లెక్కలు చూపిస్తే వచ్చేదా? “అమ్మమ్మా, నేనూ అక్కడికే, మీరు నా వెనకే రండి” అంటే వచ్చింది.

ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ జీవితంలో ఒక సంఘటన చదివిన దగ్గర్నుంచి ఈ తోడు మాట నాలో ఇంకా లోతుగా దిగింది. 1865 జూన్ 9న ఇంగ్లండులో స్టేపుల్‌హర్స్ట్ దగ్గర ఆయన ఎక్కిన రైలు పట్టాలు తప్పింది. మరమ్మతు కోసం వంతెన మీద పట్టాలు తీసి ఉంచిన సంగతి డ్రైవరుకు సమయానికి తెలియలేదు. పది మంది చనిపోయారు. ఆయన కూర్చున్న పెట్టె కిందికి వేలాడుతూ ఆగింది. ఆయన బయటపడి, గాయపడినవాళ్ళకు నీళ్ళు పట్టి, చేతనైన సాయం చేశారు. అంత నిబ్బరంగా నిలబడిన మనిషికి ఆ తర్వాత రైలు ప్రయాణం మునుపటిలా ఉండలేదు. మామూలుగా సాగుతున్న బండిలో హఠాత్తుగా వణుకు పట్టుకునేది, నుదుట చెమటలు, సీటు చేతులు గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయేవారు. ఆయన కూతురు మేమీ తన జ్ఞాపకాల్లో ఇది రాసింది. అలాంటప్పుడు తాము ఏమీ మాట్లాడేవాళ్ళం కాదని, అప్పుడప్పుడు ఆయన చేతిని మెల్లగా తాకేవాళ్ళమని చెప్పింది. వాళ్ళకు ఎవరు నేర్పారు ఆ పని? ఏం కాదు నాన్నా అనలేదు, ధైర్యంగా ఉండు అనలేదు, ఎందుకు భయం అని ప్రశ్నించలేదు. ఆ భయంతోనే ఆయన ఊళ్ళూ దేశాలూ తిరిగి తన కథలు చదివి వినిపించారు, అట్లాంటిక్ దాటి అమెరికా కూడా వెళ్ళొచ్చారు. ప్రమాదం జరిగిన సరిగ్గా అయిదేళ్ళకు, 1870 జూన్ 9న చనిపోయే దాకా ఆ భయం పోయిన దాఖలా లేదు. పోకపోయినా ఆయన ప్రయాణం ఆగలేదు.

అలాంటి భయం పట్టినప్పుడు శరీరం ఏం చేస్తుందో నాకు అరకు బండిలో తెలిసింది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే ఆ మార్గాన్ని బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేశారు. అందులో 58 సొరంగాలు. శృంగవరపుకోట దాటి బండి కొండ ఎక్కడం మొదలుపెట్టాక సొరంగాలు ఒకదాని వెనక ఒకటి. మిగతావాళ్ళంతా చీకటి రాగానే కేకలు పెడుతున్నారు, నాకు గాలి ఆడలేదు. అరచేతులు తడిసిపోయాయి, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, ఈ బండి ఇందులోనే ఆగిపోతే అన్న ఒక్క ఆలోచన తప్ప ఇంకేదీ లేదు. ఎదురుగా తల్లి ఒళ్ళో కూర్చున్న పిల్లవాడు సొరంగాలు లెక్కపెడుతున్నాడు. చీకటి పోయి వెలుతురు రాగానే, “తొమ్మిది!” అని నా వైపు చూశాడు. నేను సమాధానం చెప్పాలన్నట్టు చూశాడు. “తొమ్మిది” అన్నాను. తర్వాతి సొరంగంలో ఇద్దరం కలిసి చీకట్లో ఎదురుచూశాం, పది అనడానికి. ఇరవైలోకి వచ్చేసరికి నా ఊపిరి దారిలో పడింది. తర్వాత ఒక డాక్టరు వివరించారు. ప్రమాదం ఉందనుకుని ఒళ్ళు ఆడ్రినలిన్ వదులుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగంగా, పైపైన తీసుకోవడం వల్ల వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఎంత ఉధృతంగా వచ్చినా ఆ తాకిడి కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి తనంతట తానే దిగిపోతుంది. ఊపిరి తీసుకునే సమయం కన్నా వదిలే సమయం ఎక్కువ ఉండేలా చూసుకుంటే గుండె త్వరగా నెమ్మదిస్తుంది. అంకె పైకి అనాలంటే ఊపిరి వదలాలి కదా. ఆ పిల్లవాడు నాకు తెలియకుండా నా చేత ఊపిరి వదిలించాడు.

అయితే ప్రయాణపు కంగారంతా మనసులోనే పుడుతుందని అనేస్తే అన్యాయమవుతుంది. రాత్రి బస్సు ఎక్కబోయే ఆడవాళ్ళు మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. ఈ విషయం ఏ ఇంట్లోనైనా అడిగి చూడండి. బస్సు ఎక్కడ ఆపుతారో, ఆపిన చోట మరుగుదొడ్డి ఉంటుందో లేదో, ఉన్నా దానికి గడియ ఉంటుందో లేదో తెలియదు. ఒళ్ళు ఎండిపోతే గుండె వేగంగా కొట్టుకుంటుంది, తల తిరుగుతుంది, ఆ దడను మనసు భయమని చదువుకుంటుంది. అక్కడి నుంచి నిజంగానే భయం మొదలవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. చేతిలో డబ్బు లేదని ఆగిపోయిన ప్రయాణాలు కదిలాయి, అది మంచి మార్పు. ఇక శుభ్రమైన మరుగుదొడ్డి, దీపం వెలిగే బస్టాండు, దిగాక ఇంటి దాకా భయం లేని వీధి కావాలి. అవి లేనిచోట ఆడపిల్లతో దీర్ఘంగా ఊపిరి వదలమని చెప్పడం సలహా అవుతుందా? కొన్ని భయాలకు మందు మనిషి లోపల లేదు, దారి పక్కన కట్టాలి.

ఇంత చెప్పాక నాలో ఒక అనుమానం. తోడు, తోడు అంటున్నాను, తోడు లేనిదే కదలలేని స్థితి వస్తే? అలాంటివాళ్ళను చూశాను. భర్త లేకుండా రైలెక్కరు, తర్వాత ఆయన ఉన్నా రైలెక్కరు, చివరికి వీధి చివర దుకాణానికీ వెళ్ళరు. తప్పించుకున్న ప్రతి ప్రయాణం ఆ పూటకు ఊరట ఇచ్చి, తర్వాతి ప్రయాణాన్ని ఇంకా కష్టం చేస్తుంది. అందుకే వైద్యులు భయపెట్టే పనిని కొద్దికొద్దిగా చేయిస్తారు, ముందు స్టేషను దాకా, తర్వాత ఒక్క స్టేషను దూరం, ఆ తర్వాత ఇంకాస్త. మంచి తోడు ఎలా ఉండాలో మా నానమ్మే చూపించింది. ఆవిడ గుమ్మంలో నిలబడేది కానీ బస్సెక్కేది కాదు. డికెన్స్ ఇంటివాళ్ళు చేయి తాకారు కానీ బండి దిగిపోదామనలేదు. మన బదులు భయాన్ని మోసేసే తోడు మనల్ని చిన్నవాళ్ళను చేస్తుంది. మనం మోస్తుండగా పక్కన నిలబడే తోడు చాలు.

నేను ఇప్పుడు పాటించేవి చిన్న విషయాలు. సామాను జాబితా ఒకసారి రాసి, ఒకసారి సరిచూసి, కాగితం మడిచేస్తాను. తాళం వేసి, వేశానని పక్కన ఉన్నవాళ్ళకు పైకి చెబుతాను. ఒక మనిషికి చెప్పిన మాట మళ్ళీ అనుమానించబుద్ధి కాదు. బయల్దేరే రోజు కాఫీ తగ్గిస్తాను, నీళ్ళు మానను. దారిలో ఒకరికే కబురు పెడతాను, బండి ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి. దడ మొదలైతే దాంతో పోట్లాడను. తర్వాతి స్టేషను ఏమిటో పక్కవాళ్ళను అడుగుతాను, ఫోను చెప్పగలిగినా సరే.

మీ ఇంటి నుంచి ఎవరైనా బయల్దేరుతుంటే, గుమ్మం దగ్గర వంద జాగ్రత్తలు అప్పగించకండి. చేరాక కబురు పెట్టమని ఒక్క మాట చెప్పి, ఆ కబురు వచ్చేదాకా మీ కంగారును మీ దగ్గరే ఉంచుకోండి. రైల్లో పక్క సీటు మనిషి చేతులు వణుకుతుంటే ఎందుకని అడగకండి, మంచినీళ్ళు అందించి, మీరు ఎక్కడిదాకా అని పలకరించండి. భయం వల్ల పెళ్ళిళ్ళూ చావులూ ఉద్యోగాలూ తప్పిపోతున్నాయంటే అది స్వభావం అనుకుని సరిపెట్టుకోకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళడమే కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. భయం పూర్తిగా పోయాక బయల్దేరదామని కూర్చున్నవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు. ఒకరికి చెప్పండి, బయల్దేరండి.